హోటల్ కిచెన్‌లో గ్రీజు ట్రాప్, డ్రెయిన్లు: పొంగకముందే చేయాల్సిన పని

హోటల్ కిచెన్‌లో డ్రెయిన్ ఎప్పుడూ గిరాకీ లేని మంగళవారం సాయంత్రం పొంగదు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, హాలు నిండా జనం ఉన్నప్పుడే పొంగుతుంది. అది మన ఖర్మ కాదు, లెక్క. నాలుగు అంగుళాల పైపులో జిడ్డు పేరుకుని దారి అంగుళంన్నరకు వచ్చినా, మామూలు రోజుల్లో నీళ్ళు ఆ సందులోంచే ఎలాగోలా పోతుంటాయి. రెండు సింకుల నీళ్ళు, నేల కడిగిన నీళ్ళు, బిర్యానీ బియ్యం వార్చిన గంజి ఒకేసారి దిగిన రోజున ఆ సందు చాలదు.

మా కిచెన్‌కి గ్రీజు ట్రాప్, అంటే సింకు నీళ్ళలోని జిడ్డును ఆపే పెట్టె, ఉందన్న సంగతే మొదటి ఏడాది నాకు తెలియదు. హోటల్ చేతులు మారినప్పుడు ఎవరూ చెప్పలేదు. దాని మూత మీద ఉల్లిపాయల బస్తాలు పేర్చి ఉండేవి. డ్రెయిన్ పొంగిన ఒక ఆదివారం, చీలమండల దాకా వచ్చిన జిడ్డు నీళ్ళలో నిలబడి బస్తాలు జరిపితే మూత కనబడింది. తెరిస్తే లోపల నీళ్ళే లేవు. పై నుంచి కింది దాకా పసుపుపచ్చటి ముద్ద, గట్టిగా, పాత సబ్బులా ఉంది. అప్పటి నుంచి నేర్చుకున్నవే ఇక్కడ చెబుతున్నాను. మీది పెద్ద రెస్టారెంటయినా, హాస్టల్ మెస్సయినా, కర్రీ పాయింటయినా పద్ధతి ఒక్కటే. కొలతలే మారతాయి.

ముందు ఆ పెట్టె ఏం చేస్తుందో తెలుసుకోండి

గ్రీజు ట్రాప్‌లో మిషన్ ఏమీ లేదు. సాంబారు చల్లారితే నూనె పైకి తేలి, పప్పు అడుగున చేరుతుంది కదా, అదే ఇక్కడా జరుగుతుంది. సింకు నుంచి వచ్చిన నీళ్ళు ఈ పెట్టెలోకి వచ్చి నెమ్మదిస్తాయి. నీటి కన్నా తేలికైన నూనె, కొవ్వు పైన తెట్టు కడతాయి. మెతుకులు, మసాలా పొడి, ఎముకల ముక్కలు అడుగున మడ్డిగా దిగుతాయి. మధ్యలో మిగిలిన నీళ్ళు బయటికి పోతాయి. బయటికి పోయే పైపు నోరు పైన ఉండదు, ఇంగ్లీషు 'T' (టీ) అక్షరం ఆకారంలో కిందికి వంగి నీటి మధ్యలో మునిగి ఉంటుంది. తెట్టు బయటికి పోకుండా కాపాడేది ఆ వంపే.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, నీళ్ళు కాసేపు నిలిస్తేనే జిడ్డు విడిపోతుంది. నీళ్ళు మరీ వేడిగా, మరీ జోరుగా వస్తే విడిపోదు. రెండోది, ట్రాప్ జిడ్డును దాచిపెడుతుందే తప్ప మాయం చేయదు. దాచినదాన్ని ఎవరో ఒకరు తీయాలి. తీయకపోతే తెట్టు పై నుంచి, మడ్డి కింది నుంచి పెరిగి మధ్యలో నీళ్ళకు చోటు ఉండదు. అప్పుడు మీ దగ్గర ట్రాప్ ఉన్నా లేనట్టే.

సగం పని అంట్ల దగ్గరే

ట్రాప్ శుభ్రం చేయడం గురించి చెప్పే ముందు అంట్లు తోమే చోటు గురించి చెప్పాలి. ట్రాప్ ఎంత త్వరగా నిండుతుందో తేల్చేది అక్కడే. మన హోటళ్ళలో అంట్లు తోమే మనిషికి జీతం అందరికన్నా తక్కువ, చెప్పేవాళ్ళు అందరికన్నా తక్కువ. డ్రెయిన్ పొంగితే మాత్రం తిట్లు తినేది మొదట ఆ మనిషే. పనిలో చేరిన రోజునే ట్రాప్ మూత తెరిచి చూపించండి. సింకులో పోసిన గ్రేవీ ఎక్కడికి పోతుందో కళ్ళారా చూసిన మనిషికి మళ్ళీ మళ్ళీ చెప్పాల్సిన పని ఉండదు.

సింకు పక్కన మూడు డబ్బాలు పెట్టండి. మొదటిదాంట్లో ప్లేట్లలో మిగిలిన అన్నం, కూరలు, ఎముకలు వేయాలి. రెండోదాంట్లో బాండీల్లో, డేగ్‌ల (పెద్ద వంట గుండిగల) అడుగున మిగిలిన నూనె, గ్రేవీ పోయాలి. మూడోది బిర్యానీ ఆకులు, కరివేపాకు, టీ పొడి, మినప్పొట్టు లాంటి వాటికి. నీళ్ళు తగలకముందే ప్రతి గిన్నెనూ రబ్బరు గరిటెతో గీకి, జిడ్డుగా ఉన్నవాటిని పాత న్యూస్‌పేపర్‌తోనో టిష్యూతోనో తుడవాలి. ఒక బాండీ తుడవడానికి పది సెకన్లు పడుతుంది. మటన్ వండిన డేగ్‌ను తుడిచిన కాగితం చూస్తే, అదంతా పైపులోకి పోయేది కదా అనిపిస్తుంది.

మటన్ కొవ్వు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పామాయిల్ చలికాలం పొద్దున్నే గడ్డకడుతుందని అందరికీ తెలుసు. మటన్ కొవ్వు నలభై డిగ్రీలు దాటితే గానీ పూర్తిగా కరగదు. అంటే మన మే నెల ఎండల్లో కూడా, భూమిలో ఉన్న పైపులో అది గడ్డగానే ఉంటుంది. డాల్డా కూడా దాదాపు ఇంతే. ఎండాకాలం కదా జిడ్డు కరిగి పోతుందిలే అనుకోవద్దు.

గంజి సంగతి చాలామంది పట్టించుకోరు. పూర్వం ఇళ్ళలో గంజి, బియ్యం కడుగు కుడితి తొట్టిలోకి వెళ్ళేవి, గేదె తాగేది. హోటల్లో గేదె ఉండదు, డ్రెయినే తాగుతుంది. వేడి గంజి ట్రాప్‌లో ఉన్న తెట్టును కరిగించి అవతలికి తోసేస్తుంది. చల్లారాక తానే జిగురులా పైపు గోడలకు పట్టుకుంటుంది, దాని మీద జిడ్డు అంటుకుంటుంది. బిర్యానీ బియ్యం వార్చేటప్పుడు గంజిని ఒక పెద్ద గిన్నెలో పట్టి, గోరువెచ్చగా అయ్యాక కొంచెం కొంచెంగా వదలండి. పశువులున్నవాళ్ళు ఎవరైనా పట్టుకెళ్తామంటే ఇంకా మంచిది, ఉప్పు మసాలాలు పడని బియ్యం కడుగు వరకే ఇవ్వండి.

వేయించిన నూనెను ఎట్టి పరిస్థితిలోనూ సింకులో పోయకండి. దానికి వేరే డబ్బా, వేరే లెక్క ఉండాలి. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనెను మళ్ళీ మళ్ళీ కాచితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటితే ఇక ఆ నూనె వంటకు పనికిరాదని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జూలై నుంచి నిబంధన పెట్టింది. వేయించడానికి రోజుకు 50 లీటర్లకు మించి వంటనూనె వాడే వాళ్ళు రికార్డు రాయాలి, వాడేసిన నూనెను అనుమతి ఉన్న ఏజెన్సీకే ఇవ్వాలి. ఆ నూనె బయోడీజిల్‌కు వెళ్తుంది. అంతకన్నా తక్కువ వాడేవాళ్ళు కూడా డబ్బాలో పోసి ఏజెన్సీకి ఇస్తే నాలుగు డబ్బులు వస్తాయి, డ్రెయిన్ బాగుంటుంది. బజ్జీల బండి వాళ్ళకు చవగ్గా అమ్మేయడం మాత్రం మానండి. అది వాళ్ళ కస్టమర్ల కడుపుల్లోకే వెళ్తుంది.

సింకు జాలీ తీసి పారేయడం ఇంకో పాడు అలవాటు. నీళ్ళు నెమ్మదిగా పోతున్నాయని జాలీ పీకేస్తారు. అప్పటికి హాయిగానే ఉంటుంది. ప్రతి సింకుకూ రెండు జాలీలు కొనండి. ఒకటి నిండితే తీసి డబ్బాలో దులిపి, రెండోది పెట్టేయాలి. రెండోది చేతికి అందేలా ఉంటే ఎవరూ పీకేయరు.

మీ ట్రాప్ సైజు సరిపోతుందా?

కొత్తగా పెట్టించేవాళ్ళు, లేదా ఎంత శుభ్రం చేసినా వారానికే నిండిపోతోందనేవాళ్ళు ఈ లెక్క వేసుకోండి. సింకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగు లోతు ఉందనుకుందాం. అంటే మూడు ఘనపుటడుగులు, దాదాపు 85 లీటర్లు. రెండు సింకులకు 170. గిన్నెలు ఆక్రమించే చోటు తీసేస్తే ముప్పావు వంతు నీళ్ళు, అంటే దాదాపు 128 లీటర్లు. రెండూ ఒకేసారి వదిలితే రెండు నిమిషాల్లో ఖాళీ అవుతాయనుకుంటే, నిమిషానికి 64 లీటర్లు. మీ ట్రాప్ కనీసం ఈ జోరును తట్టుకోవాలి. షాపులో 'వంద లీటర్ల ట్రాప్ సార్' అంటారు. అది పెట్టెలో ఎన్ని నీళ్ళు పడతాయన్న లెక్క. నిమిషానికి ఎన్ని లీటర్ల ప్రవాహానికి పనిచేస్తుందో అడగండి, చెప్పలేకపోతే ఇంకో షాపు చూడండి.

బయట భూమిలో కట్టించే పెద్ద చాంబరయితే, రద్దీ సమయంలో వచ్చే నీళ్ళు కనీసం అరగంట నిలిచేంత ఉండాలి. టాయిలెట్ లైను ఎప్పుడూ ఇందులో కలపకూడదు. అది ట్రాప్ దాటాక, అవతలి చాంబర్‌లో కలవాలి. కూరగాయల ముక్కలు రుబ్బే వేస్ట్ గ్రైండర్‌నూ దీనికి కలపొద్దు, మడ్డితో నాలుగు రోజుల్లో నిండిపోతుంది. హైదరాబాద్‌లో అయితే హోటళ్ళు, హాస్టళ్ళు సొంతంగా సిల్ట్ చాంబర్ కట్టుకోవాలని వాటర్ బోర్డు నోటీసులిస్తూనే ఉంటుంది. గ్రీజు ట్రాప్ ఉంది కదా అని అది వదిలేయకండి. సిల్ట్ చాంబర్ పని మట్టినీ చెత్తనూ ఆపడం, ట్రాప్ పని జిడ్డును ఆపడం.

ఎన్ని రోజులకోసారి? కర్రను అడగండి

'వారానికోసారి చేయండి' అని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇడ్లీ, దోసెల టిఫిన్ సెంటర్‌కూ, హలీం వండే హోటల్‌కూ ఒకే లెక్క ఎలా సరిపోతుంది? దీనికి కొలత ఉంది. ట్రాప్ లోతులో పైన తెట్టు, అడుగున మడ్డి కలిసి నాలుగో వంతుకు చేరితే శుభ్రం చేయాల్సిందే. అది దాటితే మధ్యలో నీటికి చోటు తగ్గి ప్రవాహం జోరవుతుంది, జిడ్డు పైకి తేలే వ్యవధి ఉండదు.

ఒక తెల్ల ప్లాస్టిక్ పైపు ముక్క తీసుకుని సెంటీమీటర్ల గుర్తులు పెట్టండి. పొద్దున కిచెన్ మొదలుకాకముందు మూత తీసి, తెట్టును చిన్నగా పక్కకు తొలగించి దాని మందం చూడండి. తర్వాత పైపును మెల్లగా కిందికి దించండి. మెత్తగా తగిలిన చోట మడ్డి మొదలైనట్టు, గట్టిగా తగిలితే అడుగు. మా ట్రాప్‌లో నీటి లోతు 40 సెంటీమీటర్లు. తెట్టు 6, మడ్డి 4 వచ్చాయంటే పది. సరిగ్గా నాలుగో వంతు. మొదటి నెల రోజూ ఇలా కొలిచి గోడ మీద కాగితానికి రాసుకోండి. నెల తిరిగేసరికి మీ కిచెన్‌కి ఎన్ని రోజులో మీకే తెలుస్తుంది. మాకు మామూలుగా అయిదు రోజులు. కార్తీక మాసంలో మాంసం అమ్మకాలు పడిపోతాయి కాబట్టి తొమ్మిది, పది రోజుల దాకా లాగుతుంది. రంజాన్ నెలలో రెండు రోజులకోసారి తీస్తాం. బోనాల ఆదివారాలు వస్తే ఆ రోజు పొద్దున్నే, వంట మొదలుకాకముందే ఖాళీ చేసి పెట్టుకుంటాం.

శుభ్రం చేసే పద్ధతి

ఇది సింకు కింద ఉండే, చేతికి అందే చిన్న ట్రాప్ గురించే. బయట భూమిలో ఉన్న పెద్ద చాంబర్ సంగతి కింద వేరుగా చెబుతాను.

రాత్రి అంట్లు అయిపోయాక వెంటనే మొదలుపెట్టకండి. వేడి నీళ్ళతో తెట్టు పలచగా, పాలమీగడలా ఉంటుంది, చేతికి రాదు. పొద్దున వంట మొదలుకాకముందు చేయండి. రాత్రంతా చల్లారి తెట్టు అట్టులా గట్టిపడి ఉంటుంది. పనయ్యేదాకా సింకు ఎవరూ వాడకుండా కొళాయికి గుడ్డ కట్టేయండి. కిటికీలు తీసి ఎగ్జాస్ట్ ఫ్యాను వేయండి. పొడవు గ్లౌజులు, కళ్ళద్దాలు, ఆప్రాన్ తప్పనిసరి. దగ్గరలో కూరగాయలు, పిండి, కడిగిన గిన్నెలు ఏమీ ఉండకూడదు.

మూత తీసి పది నిమిషాలు అలా వదిలేయండి. ఆ మొదటి గాలి పీల్చకండి. తర్వాత కర్రతో కొలిచి రాయండి, లోపలి అడ్డు పలకలు ఎటువైపు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తిరగేసి పెడితే ట్రాప్ పనిచేయదు. పొద్దున ఆరింటికి నిద్రమొహంతో చేసేవాళ్ళకు గుర్తుండదు.

ఇప్పుడు తెట్టు తీయండి. వంట పూర్తిగా మానేసిన పాత జల్లిగరిటె ఒకటి దీనికే ఉంచుకుని, దానికి ఎర్ర పెయింట్ వేయండి. పొరపాటున కూడా మళ్ళీ పొయ్యి దగ్గరికి రాకూడదు. తీసిన తెట్టును మందపాటి కవరు పరిచిన బకెట్లో వేసి, పైన రంపపు పొట్టో, ఊకో చల్లండి. తడి పీల్చేస్తుంది, మోయడానికి తేలిక, ఒలకదు.

తెట్టు పూర్తిగా పోయాకే మధ్యలోని నీళ్ళను మగ్గుతో ఇంకో బకెట్లోకి తోడండి. ఈ నీళ్ళను బయట కాలువలో గుమ్మరించకండి. చివర్లో సింకు గుండా మెల్లగా తిరిగి ట్రాప్‌లోకే పోయవచ్చు. అడుగున మిగిలిన మడ్డిని చిన్న పారలాంటి గరిటెతో తీసి తెట్టు ఉన్న బకెట్లోనే వేయండి. అడ్డు పలకలు బయటికి తీసి, ప్లాస్టిక్ గీకుడు పలకతో గోడలు, మూలలు, పలకలు గీకండి. స్టీలు పీచు వద్దు, గీతలు పడిన చోటే జిడ్డు మళ్ళీ పడుతుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు సబ్బునీళ్ళు, మరిగే నీళ్ళు పోసి 'శుభ్రంగా' కడగడం. ట్రాప్ అద్దంలా మెరుస్తుంది గానీ, ఆ జిడ్డంతా ముందున్న పైపులోకి వెళ్ళి అక్కడ గడ్డకడుతుంది. గీకినది చేత్తో ఎత్తి తీయాలి. ట్రాప్ కొంచెం మరకగా ఉన్నా ఏమీ కాదు, అందులో ఎవరూ వండుకోరు.

టార్చి వేసి నీళ్ళు వచ్చే పైపు, పోయే పైపు రెండూ చూడండి. పోయే పైపుకున్న టీ కింది ముక్క ఊడిపోయి ఉండడం చాలా చోట్ల చూశాను. అది లేకపోతే పైన తేలిన తెట్టు నేరుగా లైనులోకి వెళ్తుంది. ప్లంబర్‌ని పిలిచి ఆ రోజే పెట్టించండి.

పలకలు ఫోటో చూసి సరిగ్గా పెట్టి, ట్రాప్‌ను చల్లటి నీళ్ళతో పోయే పైపు అంచు దాకా నింపండి. ఈ పని మరచిపోతే మొదటి అంట్ల వాయి నీళ్ళు, జిడ్డుతో సహా, ఖాళీ ట్రాప్‌ను దాటి పోతాయి. మూత రబ్బరు చినిగి ఉంటే మార్చండి. వాసన బయటికి రాకుండా ఆపేది అదే. చివరగా కాగితం మీద తేదీ, తెట్టు ఎంత, మడ్డి ఎంత, ఎవరు చేశారు, ఎక్కడికి పంపారు అని రాయండి. ఫుడ్ సేఫ్టీ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికి పనికొస్తుంది. అంతకన్నా ముందు మీకే పనికొస్తుంది.

తీసిన జిడ్డును గట్టిగా మూటకట్టి, మీ దగ్గర చెత్త తీసుకునే వాణిజ్య కాంట్రాక్టరుకు ముందే చెప్పి ఇవ్వండి. ఎక్కువగా ఉంటే సక్షన్ ట్యాంకర్ వాళ్ళను పెట్టుకోండి, ఎక్కడ పారబోస్తున్నారో రసీదు అడగండి. పక్క సందులో ఉన్న మ్యాన్‌హోల్ మూత ఎత్తి పోసేవాళ్ళు ఉన్నారు. ఆ మ్యాన్‌హోల్ మీ లైను కూడా మోసేదేనని మరచిపోకండి.

బయటి చాంబర్‌లోకి ఎవరినీ దించకండి

ఇది నియమం, దీనికి మినహాయింపు లేదు. మూసి ఉన్న చాంబర్లో కుళ్ళిన మడ్డి నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. గాఢత పెరిగేకొద్దీ ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని దిగిన మనిషి అక్కడే పడిపోతాడు, తీయబోయిన రెండో మనిషీ పడిపోతాడు. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను ప్రమాదకరంగా దించి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఇలాంటి చావులకు పరిహారంగా సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు ఇవ్వమంది, 2023లో దాన్ని 30 లక్షలకు పెంచింది. 'అయిదు నిమిషాల పని సార్, అయిదొందలు ఇవ్వండి' అని ఎవరైనా వచ్చినా ఒప్పుకోకండి. పైన నిలబడి ట్యాంకర్ పైపుతో లాగించండి. అంతటితో కాకపోతే జెట్టింగ్ మిషన్ (నీళ్ళను జోరుగా కొట్టి పైపు కడిగే యంత్రం) పిలవండి.

నేల డ్రెయిన్లు, గచ్చు కాలువలు

కిచెన్ నేల వాలు, పైపు వాలు సరిగ్గా లేకపోతే మిగతా ఏం చేసినా వృథా. పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఉండాలి. బకెట్ నీళ్ళు గుమ్మరించి ఎక్కడ మడుగు కడుతుందో చూడండి, అక్కడే బొద్దింకలు చేరతాయి. రోజూ రాత్రి గచ్చు కాలువ జాలీలు ఎత్తి, కింద ఉన్న బుట్టను చెత్త డబ్బాలో దులిపి, గట్టి బ్రష్‌తో కాలువ గోడలు రుద్దాలి. నీళ్ళ జోరుతో కొడితే సరిపోదు. గోడకు పట్టిన జిగురు పొరను బ్రష్ ఒక్కటే తీయగలదు. చిన్న రెక్కల చిమ్మటల్లా ఎగిరే డ్రెయిన్ ఈగలు గుడ్లు పెట్టేది ఆ పొరలోనే. మందు కొట్టి నాలుగు రోజులు చూసి, మళ్ళీ వచ్చాయని విసుక్కునే వాళ్ళు ఒకసారి ఆ పొర గీకి చూడండి.

ప్రతి నేల ట్రాప్‌లో రెండు అంగుళాల నీళ్ళు నిలిచి ఉంటాయి. మురుగు వాసన పైకి రాకుండా ఆపేది ఆ నీళ్ళే. మూలన వాడని డ్రెయిన్ ఎండిపోతే హాల్లో ఏసీ వేసినా కంపు వస్తుంది. వారానికి రెండు మగ్గుల నీళ్ళు పోస్తే చాలు. దీనికి ఫినాయిల్ పోసి వాసన కప్పేయాలని చూడకండి.

ఎక్కడ అడ్డుపడిందో ఎలా కనిపెట్టాలి

ప్లంబర్‌ని పిలిచే ముందు అయిదు నిమిషాలు ఇది చేయండి, సగం డబ్బు మిగులుతుంది. ఒక్క సింకే నెమ్మదిగా పోతుంటే తప్పు ఆ సింకు కింది వంపులోనే. విప్పి కడిగితే అయిపోతుంది. సింకులన్నీ నెమ్మదిగా ఉంటే ట్రాప్ నిండినట్టు. సింకు వదిలినప్పుడు నేల డ్రెయిన్ గుడగుడమంటే అడ్డు రెండూ కలిసే చోటు దాటాక ఉంది. ఇప్పుడు ట్రాప్ తర్వాత ఉన్న మొదటి బయటి చాంబర్ మూత దూరంగా నిలబడి తెరవండి. లోపల సింకు పొంగుతుంటే బయట చాంబర్ ఎండిగా ఉందా? అయితే అడ్డు మీ లోపలే. చాంబర్ కూడా నిండి ఉందా? అడ్డు బయటి లైనులో ఉంది, మీ ప్లంబర్ స్ప్రింగు (అడ్డు తొలగించడానికి పైపులోకి దూర్చి తిప్పే పొడవాటి తీగ) తిప్పినా ప్రయోజనం లేదు. హైదరాబాద్‌లో అయితే వాటర్ బోర్డు కస్టమర్ కేర్ 155313కి ఫోన్ చేయండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి.

స్ప్రింగు పెట్టేటప్పుడు సింకు వైపు నుంచి కాకుండా బయటి చాంబర్ నుంచి లోపలికి పెట్టించండి. లోపలి నుంచి తోస్తే గడ్డ ఇంకా ముందుకెళ్ళి, భూమిలో చేతికందని చోట చిక్కుకుంటుంది. స్ప్రింగు గడ్డకు రంధ్రం చేస్తుందే తప్ప గోడల జిడ్డు తీయదు. అందుకే వానాకాలం ముందు ఒకసారి, చలికాలం ముందు ఒకసారి జెట్టింగ్ చేయించుకుంటే ఏడాదంతా ప్రశాంతంగా ఉంటుంది.

పోయకూడనివి

యాసిడ్ పోస్తే జిడ్డు కరగదు, పైపు జాయింట్లు, సిమెంటు కరుగుతాయి. యాసిడ్, బ్లీచింగ్ ఒకదాని మీద ఒకటి పడితే క్లోరిన్ వాయువు వస్తుంది. గాలి ఆడని కిచెన్‌లో అది ప్రాణం మీదికి తెస్తుంది. కాస్టిక్ సోడా పోస్తే జిడ్డు సబ్బుగా మారి జారిపోతుంది, నిజమే. ఆ సబ్బు ముందుకెళ్ళి బోరునీళ్ళలోని కాల్షియంతో కలిసి సున్నంలా గట్టిపడుతుంది. మాకు బోరే దిక్కు కాబట్టి ఆ రాయిలాంటి ముక్కలు పైపులోంచి బయటికి తీసినప్పుడు కానీ నాకిది అర్థం కాలేదు. లండన్ వైట్‌చాపెల్‌లో 2017లో బయటపడిన 250 మీటర్ల పొడవు, 130 టన్నుల జిడ్డు గడ్డ కూడా ఇలా కొవ్వు, తడి టిష్యూలు కలిసి పుట్టినదే.

ఎంజైమ్, బ్యాక్టీరియా మందులు అమ్మేవాళ్ళు 'ఇది పోస్తే ట్రాప్ తెరవక్కర్లేదు' అంటారు. బ్యాక్టీరియా మందు వాసన తగ్గించడానికి కాస్త సాయపడుతుంది. గరిటె పని అది చేయదు. ఏ మందు వాడినా కర్ర కొలత ఆపకండి, మందు పనిచేస్తోందో లేదో కర్రే చెబుతుంది.

సంక్రాంతికి మూసేటప్పుడు

పండక్కి మూడు, నాలుగు రోజులు మూసేవాళ్ళు, తిరిగొచ్చాక శుభ్రం చేద్దామని ట్రాప్‌ను అలాగే వదిలేస్తారు. కదలని ట్రాప్‌లో మడ్డి కుళ్ళి, తిరిగొచ్చిన రోజు తలుపు తీయగానే వాంతి వస్తుంది. ఊరెళ్ళే ముందు రాత్రి అంట్లు తోమినవాళ్ళను పంపేసి, మర్నాడు పొద్దున ఒక్కరు ఆగి ట్రాప్ తీసి, కొత్త నీళ్ళు నింపి వెళ్ళండి. నేల డ్రెయిన్లన్నిటిలో నీళ్ళు పోసి, జాలీల మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి ఇటుక పెట్టండి, నీళ్ళు ఆరవు, ఎలుకలు పైకి రావు. తిరిగి తెరిచిన రోజు పొయ్యి వెలిగించే ముందు ఇటుకలు తీసి, రెండు సింకులూ సగం నింపి ఒకేసారి వదలండి. బయటి చాంబర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. నీళ్ళు అక్కడికి జోరుగా వచ్చాయని కేక వేస్తే బియ్యం నానబెట్టుకోవచ్చు.